రక్తం అంటే ఒక్కటే వస్తువు కాదు.. మన నెత్తురులో ఏమేం ఉన్నాయి? ఏది ఏం పని చేస్తుంది?

పోయిన వానాకాలం సంగతి. రాత్రి పదకొండు దాటింది. మా ఖాలా కొడుక్కి డెంగీ వచ్చి పాతబస్తీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. నర్సు ఒక చిట్టీ నా చేతిలో పెట్టి "బ్లడ్ బ్యాంక్ నుంచి తెచ్చుకోండి" అంది. ఇద్దరు దోస్తులను వెంటబెట్టుకుని పోయా. "ఓ పాజిటివ్ బ్లడ్ కావాలి భాయ్, ఇచ్చేవాళ్లు కూడా వెంటే ఉన్నారు" అన్నా. కౌంటర్‌లో ఉన్నాయన చిట్టీ చూసి నవ్వలేదు, తిట్టలేదు. "మీకు కావాల్సింది బ్లడ్ కాదు. ఆర్‌డీపీ నాలుగు, లేదంటే ఎస్‌డీపీ ఒకటి అని రాశారు. ఏది ఇమ్మంటారు?" అని అడిగాడు.

నేను బీకామ్ చదివినవాణ్ని. డెబిట్, క్రెడిట్ అడిగితే చెప్తా. ఈ ప్రశ్నకు మాత్రం నోట మాట రాలేదు. ఆ రాత్రి అక్కడ ఇంకో నలుగురు ఇలాగే చిట్టీలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరికీ అందులో ఏముందో తెలీదు. ఆ తర్వాత డాక్టర్లను, ల్యాబ్ వాళ్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. అర్ధరాత్రి చిట్టీ చేతికి వచ్చినప్పుడు కాదు, ముందే చదివి పెట్టుకోవాల్సిన విషయం ఇది.

ఒంట్లో ఎంత రక్తం ఉంటుంది?

మనిషి బరువులో 7 నుంచి 8 శాతం రక్తమే. పెద్దవాళ్లలో సుమారు 5 లీటర్లు. కూర్చుని ఉన్నప్పుడు కూడా గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు పంపు చేస్తుంది. అంటే మీరు ఒక చాయ్ తాగే లోపు మీ నెత్తురు మొత్తం ఒళ్లంతా చాలాసార్లు చుట్టి వస్తుంది. గుండె కుడి వైపు నుంచి ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి ఎడమ వైపుకు తిరిగొస్తుందని 13వ శతాబ్దంలోనే రాసినవాడు ఇబ్న్ అల్ నఫీస్. డమాస్కస్‌లో చదువుకుని కైరోలో వైద్యం చేసిన హకీం. ఒళ్లంతా తిరిగే పూర్తి చక్రాన్ని 1628లో ఇంగ్లండ్ డాక్టర్ విలియం హార్వే పుస్తకంగా అచ్చేశాడు.

రక్తాన్ని గడ్డకట్టకుండా చేసే మందు కలిపి, ఒక గాజు గొట్టంలో పోసి గిర్రున తిప్పితే అది పొరలుగా విడిపోతుంది. పైన లేత పసుపు రంగు నీళ్లలాంటిది సగానికి పైగా, 55 శాతం వరకు ఉంటుంది. అది ప్లాస్మా. అడుగున చిక్కటి ఎరుపు, 45 శాతం వరకు. అవి ఎర్ర రక్తకణాలు. రెంటి మధ్యలో దారం మందాన తెల్లటి పొర ఒకటి కనిపిస్తుంది. తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు ఉండేది అందులోనే. బ్లడ్ బ్యాంకు పని అంతా ఈ పొరలను విడదీయడం మీదే నడుస్తుంది.

ప్లాస్మా: రంగు లేదు కదా అని చిన్నచూపు వద్దు

ప్లాస్మాలో 90 శాతానికి పైగా నీళ్లే. మిగతాది ప్రొటీన్లు, ఉప్పు, చక్కెర, కొవ్వు, హార్మోన్లు, కిడ్నీలు బయటికి పంపాల్సిన మురికి. తిన్న తిండి ప్రతి కణానికి చేరేది దీని మీదే. ఒంట్లో వేడి అన్ని చోట్లా సమానంగా పంచేది కూడా ఇదే.

ఇందులో మూడు ప్రొటీన్ల పేర్లు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది ఆల్బుమిన్. ఇది నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచుతుంది. కాలేయం దెబ్బతిన్నా, కిడ్నీల నుంచి ప్రొటీన్ కారిపోయినా ఆల్బుమిన్ తగ్గి, నీళ్లు బయటికి ఊరి కాళ్లు, పొట్ట ఉబ్బుతాయి. రెండోది గ్లోబులిన్లు. రోగాలతో పోరాడే యాంటీబాడీలు వీటిలోవే. మూడోది ఫైబ్రినోజెన్. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన దారం దీని నుంచే తయారవుతుంది.

గడ్డకట్టడం అనేది ఒక్క దెబ్బలో జరిగే పని కాదు. ఒకటి ఇంకోదాన్ని లేపుతూ పోయే వరుస. చివర్లో థ్రాంబిన్ అనే ఎంజైమ్ వచ్చి ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాల వలలో కణాలు చిక్కుకుని గాయం మూసుకుంటుంది. ఈ వరుసలో ఎనిమిదో ఫ్యాక్టర్ పుట్టుకతోనే తక్కువగా ఉంటే అది హీమోఫీలియా-ఏ. ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. చిన్న దెబ్బకే మోకాలు వాచిపోయే పిల్లాణ్ని "అల్లరి ఎక్కువ, ఎక్కడో పడ్డాడు" అని వదిలేయకుండా ఒకసారి టెస్టు చేయించాలి.

ఊళ్లలో రక్తపింజర కాటు గురించి విన్నవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఆ పాము విషం గడ్డకట్టించే ఫ్యాక్టర్లను ఖర్చు చేసి పారేస్తుంది. ఆ తర్వాత చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పోతూనే ఉంటుంది. అందుకే పాము కాటుతో పోతే డాక్టర్లు కొంచెం రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే, యాంటీవీనమ్ మొదలుపెడతారు. ఆ యాంటీవీనమ్ కూడా ప్లాస్మా నుంచి వచ్చేదే. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కించి, దాని ప్లాస్మాలో తయారైన యాంటీబాడీలను తీసి శుద్ధి చేస్తారు.

ఎర్ర కణాలు: 120 రోజుల కూలీలు

ఒక మైక్రోలీటర్, అంటే సూది మొన మీద నిలిచే చుక్క కంటే చిన్నది. అందులో మగవాళ్లకు 45 నుంచి 55 లక్షలు, ఆడవాళ్లకు 40 నుంచి 50 లక్షల ఎర్ర కణాలు ఉంటాయి. మధ్యలో నొక్కిన గారె లాంటి ఆకారం. లోపల కేంద్రకం ఉండదు. ఆ చోటంతా హీమోగ్లోబిన్‌కే ఇచ్చేశాయి. ఒక్కో హీమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుము అణువులు, వాటి మీద నాలుగు ఆక్సిజన్ అణువులు ఎక్కుతాయి. ఊపిరితిత్తుల్లో ఎక్కించుకుని కణజాలంలో దించేయడం, ఇదే వాటి డ్యూటీ. చేతి మీద నరాలు నీలంగా కనబడతాయి గానీ లోపలి రక్తం నీలం కాదు, ముదురు ఎరుపే.

చలికాలం తలుపులన్నీ మూసి గదిలో అంగీఠీ పెట్టుకుని పడుకున్నవాళ్లు నిద్రలోనే చనిపోయారన్న వార్తలు మా డెస్క్‌కు కూడా వస్తుంటాయి. కారణం ఈ హీమోగ్లోబినే. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ దానికి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. వాసన ఉండదు, దమ్ము ఆడట్లేదని కూడా తెలీదు.

ఈ కణాలు తయారయ్యేది ఎముక మజ్జలో. నల్లీ నిహారీ తినేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, నల్లీని దులిపి తీసే గూదా అన్నమాట. మనిషిలో సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త ఎర్ర కణాలు పుడతాయి. 120 రోజులు తిరిగి, అరిగిపోయి, తిల్లీలో, కాలేయంలో విరిగిపోతాయి. వాటిలోని ఇనుము మళ్లీ కొత్త కణాలకే వాడకం అవుతుంది. ఎన్ని తయారుచేయాలో మజ్జకు చెప్పేది కిడ్నీలు, ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌తో. డయాలిసిస్ చేయించుకునేవాళ్లకు రక్తం ఎందుకు తగ్గుతుందో, ఆ ఇంజెక్షన్ ఎందుకు రాస్తారో ఇప్పుడు తెలిసింది కదా.

మలేరియా పురుగు కాపురం పెట్టేది కూడా ఎర్ర కణాల్లోనే. అది దోమ పొట్టలో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆ బంగ్లా ఇప్పటికీ ఉంది.

హీమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైనే. మా ఇంట్లో అమ్మీ ఏళ్ల తరబడి "మెట్లెక్కితే ఆయాసం" అంటుంటే వయసు అనుకున్నాం. సీబీపీ చేయిస్తే హీమోగ్లోబిన్ 8.6 వచ్చింది. అందరికీ వడ్డించి, ఆఖర్లో మిగిలింది తినే అమ్మలున్న ఇళ్లన్నీ ఈ రిపోర్టు ఒకసారి చూసుకోవాలి.

దానిమ్మ, బీట్‌రూట్ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందన్నది రంగు చూసి వచ్చిన నమ్మకం. మాంసం, కలేజీలోని ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. పప్పులు, ఆకుకూరల్లోది అంత సులువుగా పట్టదు, నిమ్మరసం పిండుకుంటే మెరుగు. గర్భిణులు మాత్రం కలేజీ జోలికి పోకూడదు, అందులో విటమిన్-ఏ మరీ ఎక్కువ. ఇక మనవాళ్లకు చేదుగా ఉండే మాట: తిన్న వెంటనే చాయ్ తాగితే అందులోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి. గంట ఆగి తాగండి. ఐరన్ మాత్రను చాయ్‌తో మింగేవాళ్లను నేను చూశా, అది డబ్బు దండగ.

ఇనుము ఒక్కటే సరిపోదు. ఫోలిక్ యాసిడ్, బీ12 లేకపోతే మజ్జలో కణాలు పెద్దగా, పనికిరాకుండా తయారవుతాయి. ఈ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసే దారి 1940లలో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో కనిపెట్టిన జట్టుకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ గర్భిణులకు ప్రతి సర్కారు దవాఖానాలో ఆ మాత్ర ఇస్తున్నారు.

తెల్ల కణాలు

మైక్రోలీటర్‌కు 4,000 నుంచి 11,000. సంఖ్యలో తక్కువే గానీ కాపలా వీటిదే. న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియా మీదికి మొదట ఉరికేవి. గాయంలో చీము అంటే చచ్చిపోయిన ఈ కణాలే ఎక్కువ. లింఫోసైట్లలో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి, కొన్ని వైరస్ పట్టిన కణాలను చంపుతాయి. ఒకసారి చూసిన శత్రువును ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయి, టీకా పనిచేసేది ఈ జ్ఞాపకం మీదే. హెచ్‌ఐవీ దెబ్బకొట్టేది కూడా వీటిలో ఒక రకాన్నే. ఇసినోఫిల్స్ పెరిగాయని రిపోర్టులో ఉంటే అలర్జీయో, కడుపులో పురుగులో అయ్యుండొచ్చు. మజ్జలో తెల్ల కణాలు అదుపు తప్పి పెరిగిపోతే అది లుకేమియా, అదే బ్లడ్ క్యాన్సర్.

ప్లేట్‌లెట్లు, డెంగీ భయం

ఇవి పూర్తి కణాలు కావు. మజ్జలోని పెద్ద పెద్ద కణాల నుంచి తెగిపడిన ముక్కలు. 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండాలి. ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. రక్తనాళం ఎక్కడ చిరిగినా ముందు ఇవే పోయి అతుక్కుని బిరడాలా నిలబడతాయి, తర్వాత ఫైబ్రిన్ వల వచ్చి గట్టిపరుస్తుంది.

మావాడి కౌంట్ ఆ రాత్రి 38,000. ఖాలా రిపోర్టు చూసి ఏడుపు. బ్లడ్ బ్యాంకులో ఆర్‌డీపీ స్టాక్ లేదు, రెండు చోట్ల తిరిగి తెల్లవారుజామున చేతులూపుకుంటూ వచ్చాం. పొద్దున వచ్చిన పెద్ద డాక్టర్ పేషెంట్‌ను చూసి, బీపీ చూసి, "రక్తం కారట్లేదు, బీపీ బాగుంది, ప్లేట్‌లెట్లు అక్కర్లేదు" అన్నాడు. ఎక్కించలేదు. మావాడు నాలుగో రోజు ఇంటికొచ్చాడు. రాత్రి ఆ చిట్టీ ఎందుకు రాశారో మాకు ఎవరూ చెప్పలేదు.

డెంగీ వైద్యానికి మన దేశంలో ఉన్న మార్గదర్శకాల ప్రకారం, రక్తస్రావం లేని పేషెంట్‌కు కౌంట్ 10,000 కంటే కిందికి పోతేనే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఆలోచిస్తారు. రక్తం కారుతుంటే లెక్క వేరు. డెంగీలో అసలు ప్రాణాపాయం చాలాసార్లు ప్లేట్‌లెట్ల నుంచి కాదు, ప్లాస్మా నుంచి వస్తుంది. రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా బయటికి ఊరిపోతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఇది జరిగేది జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లో. ఇంట్లోవాళ్లు "జ్వరం దిగింది, అల్హమ్దులిల్లాహ్" అనుకునే సరిగ్గా ఆ టైమ్‌లో. రిపోర్టులో ప్లేట్‌లెట్ల పక్కనే పీసీవీ, లేదా హెమటోక్రిట్ అని ఇంకో లెక్క ఉంటుంది. అది పెరుగుతూ పోతుంటే డాక్టర్ దృష్టికి తేవాలి. ఆగని వాంతులు, కడుపులో గట్టి నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన చేతులు, మనిషి మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికే పోవాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి మింగొద్దు, అవి ప్లేట్‌లెట్ల పనిని చెడగొడతాయి.

గ్రూపులు

1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ ఏ, బీ, ఓ గ్రూపులు కనిపెట్టాడు. ఏబీ మరుసటి ఏడు తేలింది. గ్రూపు అంటే ఎర్ర కణం పైపొర మీద ఉండే గుర్తు. ఏ గ్రూపు వాళ్ల ప్లాస్మాలో బీకి వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉంటాయి, బీ వాళ్లలో ఏకి వ్యతిరేకంగా. ఓ వాళ్ల ఎర్ర కణాల మీద రెండు గుర్తులూ ఉండవు, అందుకే ఓ నెగటివ్ కణాలను అత్యవసరంలో ఎవరికైనా ఎక్కిస్తారు. ప్లాస్మా దగ్గరికొస్తే ఇది తలకిందులు. అక్కడ అందరికీ సరిపడేది ఏబీ వాళ్ల ప్లాస్మా.

పాజిటివ్, నెగటివ్ అనేది ఆర్‌హెచ్ అనే ఇంకో గుర్తు. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తర్వాతి కాన్పులో బిడ్డకు ముప్పు. గర్భంలో 28వ వారంలో ఒకటి, కాన్పైన 72 గంటల్లోపు ఇంకోటి యాంటీ-డీ ఇంజెక్షన్ ఇస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. గర్భం పోయినప్పుడు కూడా ఇది అవసరం పడొచ్చు, డాక్టర్‌ను అడగాలి.

1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే జట్టు ఇంకో అరుదైన గ్రూపు కనిపెట్టింది. పైపైన టెస్టులో ఓ లాగే కనబడుతుంది గానీ ఓ రక్తం కూడా వీళ్లకు పడదు. బాంబే గ్రూపు అని పేరు. వీళ్లకు ఇంకో బాంబే గ్రూపు మనిషే ఇవ్వాలి.

సంచిలో నుంచి మూడు సంచులు

ఇప్పుడు ఆ చిట్టీ దగ్గరికి వద్దాం. దాత ఇచ్చేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. దాన్ని కొన్ని గంటల్లోపే మెషీన్‌లో తిప్పి మూడుగా విడగొడతారు.

ప్యాక్డ్ సెల్స్, అంటే ఎర్ర కణాలు. 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో 35 నుంచి 42 రోజులు ఉంటాయి. కాన్పులో, యాక్సిడెంట్లో రక్తం పోయినవాళ్లకు, తీవ్రమైన రక్తహీనతకు, తలసీమియా పిల్లలకు ఇవి. ఎఫ్‌ఎఫ్‌పీ అంటే గడ్డకట్టించి పెట్టిన ప్లాస్మా, ఏడాది వరకు నిల్వ ఉంటుంది. కాలేయం చెడినవాళ్లకు, గడ్డకట్టే ఫ్యాక్టర్లు తగ్గినవాళ్లకు వాడతారు. ఆర్‌డీపీ అంటే మామూలు దాత సంచి నుంచి తీసిన ప్లేట్‌లెట్లు. ఫ్రిజ్‌లో పెట్టరు, 20 నుంచి 24 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచాలి, అయినా ఆయుష్షు 5 రోజులే. పండగ సెలవుల్లో, వానాకాలంలో మొదట ఖాళీ అయ్యే అర ఇదే. ఒక్కో ఆర్‌డీపీతో పెద్దవాళ్లలో కౌంట్ 5 నుంచి 10 వేలు పెరగొచ్చు. ఎస్‌డీపీ అంటే ఒకే దాతను మెషీన్‌కు కలిపి గంట, గంటన్నర కూర్చోబెట్టి ప్లేట్‌లెట్లు మాత్రం తీసుకుని మిగతా రక్తం తిరిగి ఎక్కించేది. దీనితో 30 నుంచి 50 వేలు పెరగొచ్చు. ఖర్చు బాగా ఎక్కువ, మెషీన్ అన్ని చోట్లా ఉండదు. ఆ రాత్రి కౌంటర్‌లోని ఆయన అడిగింది ఇదే.

దాతకు 18 నుంచి 65 ఏళ్లు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హీమోగ్లోబిన్ ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు. పోయిన ప్లాస్మా ఒకటి రెండు రోజుల్లో, ఎర్ర కణాలు కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతాయి. ప్రతి సంచికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా టెస్టులు తప్పనిసరి. రోజాలో ఉండి ఇస్తే కళ్లు తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఇఫ్తార్ అయ్యాక, బాగా నీళ్లు తాగి, కొంతసేపు ఆగి ఇవ్వడం మంచిది.

రక్తానికి ధర కట్టి అమ్మడం నేరం. 1996 సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బులకు రక్తం ఇచ్చే పద్ధతి దేశంలో ఆగిపోయింది. బ్లడ్ బ్యాంకులు తీసుకునేది టెస్టుల, విడగొట్టే ఖర్చు మాత్రమే, దానికి రసీదు అడిగి తీసుకోండి. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు, ఏ భాగం ఎంత ఉందో ఈ-రక్త్‌కోష్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. బయలుదేరే ముందు ఒక ఫోన్ కొట్టడం మాత్రం మానొద్దు.

తలసీమియా పిల్లలు

చిట్టీ ఒక రాత్రితో అయిపోని ఇళ్లు కూడా ఉన్నాయి. తలసీమియా మేజర్ ఉన్న పిల్లల మజ్జ సరైన హీమోగ్లోబిన్ తయారుచేయలేదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ప్యాక్డ్ సెల్స్ ఎక్కించాల్సిందే, రంజాన్ అయినా, ఎండాకాలం అయినా. ఒక్కో సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. గుండె, కాలేయం పాడవకుండా ఆ ఇనుమును తీసే మందు రోజూ వేయాలి. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లలకు రక్తం ఎక్కించే పనిలో ఉంది.

తల్లికీ తండ్రికీ తలసీమియా మైనర్ ఉంటేనే బిడ్డకు మేజర్ వస్తుంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మైనర్ ఉన్నవాళ్లకు ఏ బాధా ఉండదు, కొంచెం రక్తం తక్కువ అంతే, కాబట్టి తమకు ఉన్నట్టు తెలీదు. ఖాలా, మామూ, ఫుప్పూ పిల్లల మధ్య నికాహ్‌లు, మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. హెచ్‌బీ-ఏ2 అనే ఒక్క రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది. మామూలుగా అది 3.5 శాతం దాటితే మైనర్ అని అనుమానిస్తారు. ఐరన్ బాగా తక్కువగా ఉన్నవాళ్లలో ఈ లెక్క తగ్గి కనబడొచ్చు, కాబట్టి రిపోర్టును డాక్టర్‌కు చూపించాలి. పెళ్లికి ముందు చేయించుకోలేకపోతే గర్భం వచ్చిన తొలి వారాల్లోనైనా చేయించాలి, ముందు భార్యకు, ఆమెకు ఉందని తేలితే భర్తకు.